నలభై ఒకటో పడవ పక్కటెముకలు

ఆ పడవ గురించి ఎవరు మొదలుపెట్టినా స్నానాల గదితోనే మొదలుపెడతారు. పాలరాతి తొట్టి, ఇత్తడి కుళాయిలు, పడవ ఎంత ఊగినా తొణకకుండా తొట్టి కింద పెట్టిన ఏర్పాటూ. వింటుంటే అది నీళ్ళ మీద తిరగడానికి కట్టిన పడవ కాదు, నీళ్ళు పోసుకోవడానికి కట్టిన పడవ అనిపిస్తుంది. ఆ తర్వాత మెలికలు తిరిగిన మెట్ల గురించి చెబుతారు. పైకప్పు వెయ్యకముందే లోపలికి దించి, ఇక బయటికి తియ్యడానికి దారి లేకుండా పోయిన పియానో గురించి చెబుతారు. ఆ తర్వాత సొంతదారుల పేర్లు, వాళ్ళు తాగినవీ తిన్నవీ. నూట ఇరవై అడుగుల టేకు పడవ ముందు నేల మీద పుట్టిందన్న సంగతి మాత్రం ఒక్కడూ చెప్పడు. తెలిస్తే కదా చెప్పడానికి.

సొంతదారు ఆ పడవకు తన భార్య పేరు పెట్టుకున్నాడు. కట్టినవాళ్ళు మాత్రం ఆ పేరు ఏనాడూ పలకలేదు. యార్డులో కట్టిన నలభై ఒకటో పడవ కాబట్టి వాళ్ళకు అది నలభై ఒకటి, అంతే. దాన్ని నేల మీద గీసిన మనిషిని యార్డంతా గీతలాయన అనేవారు. ఇప్పుడాయనకు డెబ్భై మూడేళ్ళు. మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. బతుకులో సగం మోకాళ్ళ మీదే నడిచిన మనిషికి అరగక ఏం చేస్తాయి?

ఆయన పని ఏమిటో ముందు తెలుసుకోవాలి. డిజైనరు కాగితం మీద పడవ బొమ్మ గీస్తాడు. కాగితం మీద బల్లంత బొమ్మలో వెంట్రుకవాసి తేడా ఉంటే నూట ఇరవై అడుగుల పడవలో అది జానెడవుతుంది. అందుకని కొయ్య కొయ్యకముందే ఆ పడవను అసలు పరిమాణంలో నేల మీద గీసి చూసుకోవాలి. దానికోసమే యార్డులో పై అంతస్తు మొత్తం ఖాళీగా ఉంచారు. గీతల హాలు అనేవారు దాన్ని. బిగుతుగా పరిచిన చెక్క నేల, దాని మీద నల్లరంగు పూత, ఒక పక్క పొడుగునా కిటికీలు. చెప్పులతో ఎవరూ లోపలికి రాకూడదు, యజమాని అయినా సరే. గీతలాయన మేజోళ్ళతో తిరిగేవాడు. పొడవాటి సన్నటి బద్దను నేల మీద వంచి, సీసపు దిమ్మెలు ఒత్తుగా పెట్టి నిలబెట్టేవాడు. తర్వాత ఒక కన్ను మూసి, చెంప నేలకు ఆనించి, ఆ వంపు వెంట చూసేవాడు. పట్టికలో అంకె ఏమన్నా సరే, బద్ద సుఖంగా పడుకోకపోతే అంకెదే తప్పు అనేవాడు. డిజైనరు మొదట మండిపడేవాడు, తర్వాత కొలిచి చూసుకుని నోరు మూసుకునేవాడు.

గీత కుదిరాక కొక్కెం మొన ఉన్న కత్తితో దాన్ని నేలలోకి కోసేవాడు. సుద్దగీత కాళ్ళకింద చెరిగిపోతుంది, కత్తిగాటు పోదు. పలకలు బిగించడానికి నిలబెట్టే వంపు కొయ్యల్ని పక్కటెముకలంటారు, వాటిల్లో ఒక్కోదానికీ రెండు గీతలుండాలి. మొదటిది పడవ బయటి ఒంపు. పక్కటెముకల మీద రెండంగుళాల మందాన పలకలు ఎక్కుతాయి కాబట్టి ఆ రెండంగుళాలూ తగ్గించి లోపల ఇంకో గీత గియ్యాలి. పక్కటెముక ఆ లోపలి గీతకు తయారవ్వాలి. దాని మీద ఆయన మూడు చిన్న గాట్లు పెట్టేవాడు. అదే గుర్తు. అచ్చులు కోసేవాడు వచ్చి, గుర్తున్న గీత మీద పల్చటి చెక్క పరిచి దాని ప్రకారం అచ్చు కోసుకుపోతాడు. ఎందుకని అడగడు, తిరిగి కొలవడు. గీతలాయన గుర్తు పెట్టాడంటే అదే మాట. ఆ యార్డు పుట్టినప్పటి నుంచీ ఆనవాయితీ అది.

నలభై ఒకటికి అచ్చులు కోసింది ఆయన బావమరిది. భార్యకు తమ్ముడు, ఇరవై రెండేళ్ళవాడు, చెయ్యి వెన్నలాంటిది. అక్క పోరితే బావ మేస్త్రీతో చెప్పి పనిలో పెట్టించాడు. కుర్రాడికి బావంటే ప్రాణం. బావ బద్ద వంచుతుంటే దిమ్మెలు అందిస్తూ, "బావా, నీకు కంట్లో కొలబద్ద ఉందా ఏంటి?" అనేవాడు. గీతలాయన పైకి కసురుకుని లోపల మురిసిపోయేవాడు.

ఒకరోజు పొద్దున సొంతదారు భార్యను వెంటబెట్టుకుని హాలుకొచ్చాడు. ఆవిడ చెప్పులు విప్పేసి నల్లనేల మీద నిలబడి, "నేను పడుకునేది ఎక్కడండీ?" అని అడిగింది. గీతలాయన చేస్తున్న పని వదిలేసి ఆవిడకు పడవంతా నడిపించి చూపించాడు. ఇదిగో మెట్లు, ఇదిగో మీ గది, ఇక్కడ కిటికీ, పొద్దున ఎండ ఇటునుంచి పడుతుంది. ఆవిడ ఆ గీతల మధ్య కూర్చుని నవ్వింది. అంత పెద్దింటి మనిషి, నేల మీద గీతలు చూసి చిన్నపిల్లలా నవ్వితే ఎవరి కాలైనా నేల మీద నిలుస్తుందా? ఆయనదీ నిలవలేదు. వాళ్ళు వెళ్ళాక ఈలవేసుకుంటూ వచ్చి మళ్ళీ మోకాళ్ళమీద కూర్చున్నాడు. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది పక్కటెముకలకు బయటి గీతలు అప్పటికే అయిపోయాయి. లోపలి గీతలు కూడా అయిపోయాయనుకున్నాడు. ఉన్న ఒక్క గీత మీదే మూడేసి గాట్లు పెట్టి, ఇరవయ్యోదానికి జరిగాడు.

మూడు నెలలకు సంగతి బయటపడింది. పక్కటెముకలన్నీ నిలబెట్టి మొదటి పలక ఎక్కిస్తుంటే సరిగ్గా ఆవిడ పడకగది దగ్గర పలక ఒళ్ళు విరుచుకుని లేచింది. మూడు పక్కటెముకలు రెండంగుళాలు బయటికి పొడుచుకొచ్చాయి. ఏడాది ఆరబెట్టిన కొయ్య. దాన్ని దించి మళ్ళీ చెయ్యాలంటే నెలన్నర. సొంతదారు మనుషులు వచ్చి ఎవరిది తప్పో పేరు చెప్పమని కూర్చున్నారు.

గీతలాయన భోజనాల వేళ ఒక్కడే పైకి వెళ్ళాడు. వంగి చూశాడు. బయటి గీత, దానిమీద తన చేత్తో పెట్టిన మూడు గాట్లు, లోపల ఏమీ లేదు. పలకలు ఎక్కడం పూర్తయ్యేదాకా నేలకు రంగు వెయ్యకూడదన్నది కూడా ఆనవాయితీయే. అది అందరికంటే ఆయనకే బాగా తెలుసు. అయినా మూలనున్న లప్పం డబ్బా తెచ్చి గాట్లలో కూరాడు. బ్రష్ తెచ్చి ఆ మూడింటి మీదా పూత పూశాడు. సాయంత్రానికి హాలు మొత్తం పూసేశాడు. కొత్త పడవ బొమ్మలొచ్చాయి కదా అన్నాడు. వచ్చిన మాట నిజమే.

మర్నాడు మేస్త్రీ బావనూ బావమరిదినీ ఎదురెదురుగా నిలబెట్టి అడిగాడు. "గుర్తున్న గీత మీదే కోశానండీ," అన్నాడు కుర్రాడు. మేస్త్రీ గీతలాయన వైపు తిరిగాడు. "నేల మీద రెండు గీతలూ ఉన్నాయి," అన్నాడాయన. ఆ మాట అంటూ మేస్త్రీ చొక్కా గుండీ వైపు చూశాడు. కుర్రాడు బావ మొహంలోకి చూశాడు. తల దించుకుని, "అయితే నేనే బయటి గీత మీద కోసుంటానండీ. బావ తప్పు గియ్యడు," అన్నాడు. ఆ మధ్యాహ్నమే వాణ్ని పనిలోంచి తీసేశారు. యార్డు పుస్తకంలో, అచ్చులు కోసేవాడి నిర్లక్ష్యం వల్ల మూడు పక్కటెముకలు తిరిగి చేయడమైనది అని రాసుకున్నారు.

తనకు పెళ్ళాం, చంటిబిడ్డ, ఈ పని తప్ప ఇంకోటి రాని చేతులు. వాడైతే కుర్రాడు, ఏదైనా నేర్చుకుంటాడు. గీతలాయన తనకు తాను చెప్పుకున్నది ఇదే, నలభై ఏళ్ళు ఇదే చెప్పుకున్నాడు. కుర్రాడు నిజంగానే నేర్చుకున్నాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళి చేసుకున్నాడు, పిల్లల్ని చదివించుకున్నాడు. కాకపోతే ఏది కొలిచినా మూడుసార్లు కొలుస్తాడు. అరచేతంత ఫొటో ఇచ్చినా సరే, టేపు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, కళ్ళు నులుముకుని మళ్ళీ పెడతాడు. తాళం వేసి మూడుసార్లు లాగుతాడు. స్టవ్ ఆపి మూడుసార్లు చూస్తాడు. చుట్టాల పిల్లలంతా వాణ్ని మూడుసార్ల మామయ్య అని ఏడిపిస్తారు. వాడూ నవ్వుతాడు. అందరూ నవ్వుతున్నప్పుడు గీతలాయన మంచినీళ్ళు తాగడానికి లేచి వెళ్ళేవాడు.

అంతకన్నా కష్టమైంది ఇంట్లో ఉంది. తమ్ముణ్ని పనిలో పెట్టించింది తనే కదా అని ఆయన భార్య కుమిలిపోయింది. మావాడి వల్ల మీకు మాట వచ్చిందండీ అని మొదటి ఏడాది వందసార్లు అని ఉంటుంది. తర్వాత అనడం మానేసింది గానీ మొగుడి ముందు ఆ తలవంపు మానలేదు. ఆయన అన్యాయంగా కోప్పడినా నోరెత్తేది కాదు. అడగాల్సింది అడిగేది కాదు. గీతలాయన ఆ అణకువను నలభై ఏళ్ళు హాయిగా అనుభవించాడు. నిజం చెప్పుకోవాలి కదా.

నలభై ఒకటి సంగతి వేరే. మొదటి సొంతదారు మూడేళ్ళకే పోయాడు. ఆ గదిలో పడుకోవాల్సిన మహాతల్లికి సముద్రం పడలేదు. మొత్తం నాలుగు రాత్రులు పడుకుందేమో. తర్వాత కొన్న హోటలాయన ఆ గదిని బారుగా మార్చి, పడవంతా నీలంరంగు కొట్టించాడు. ఇంకొకడు కొని ఒక కాలవలో కట్టేసి పదకొండేళ్ళు మరిచిపోయాడు. చివరికి పని మానుకున్న కళ్ళ డాక్టరొకాయన కొని, మళ్ళీ మొదట ఉన్నట్టే చెయ్యమని పుట్టిన యార్డుకే పంపించాడు. దాని చరిత్ర పుస్తకంగా వెయ్యడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాడు.

ఆ అమ్మాయి ఒకరోజు గీతలాయన ఇంటికి వచ్చింది. చురుకైన పిల్ల. సంచిలోంచి పాత బొమ్మల కాపీలు, యార్డు పుస్తకం కాపీ తీసి బల్ల మీద పరిచింది.

"గీతల హాలు పడగొట్టేస్తున్నారు బాబాయ్ గారూ. ఓ మూల నేల రంగు గీకి చూస్తే కింద నలభై ఒకటో పడవ గీతలు అలాగే ఉన్నాయి. మీరు తర్వాత కత్తి వాడడం మానేశారట కదా, అందుకే దాని మీద ఇంకేం పడలేదు."

"మోకాళ్ళ నొప్పులమ్మా. పెన్సిలైతే తేలిక," అన్నాడాయన.

"మొత్తం నేల దాచలేం. పదడుగుల ముక్క ఒకటి కోసి, పడవతోపాటు ఉంచుతామంటున్నారు డాక్టరు గారు. మిగతాది తుక్కులోకే. ఏ ముక్క ఉంచాలో మీరే చెప్పాలి. గురువారం రంగు గీకేవాళ్ళు వస్తారు. మీరు చూపించిన చోటే గీకిస్తాను." ఆ పిల్ల పుస్తకం కాపీ తిప్పింది. "ఇంకోటి, ఈ మూడు పక్కటెముకల సంగతి కూడా వేస్తున్నాను. అచ్చులు కోసేవాడి నిర్లక్ష్యం అని ఉంది. ఆయన పేరు తెలుసా మీకు?"

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. భార్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకొచ్చింది. "అది కూడా వెయ్యాలా తల్లీ? వాడు పెళ్ళాంబిడ్డలున్నవాడు. ఇన్నేళ్ళ తర్వాత అచ్చులో కూడా ఎక్కించాలా?" అంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, ఎప్పటిలాగే తలవంచుకుని, "ఏవండీ, మీరు చెబితే వింటారు. ఆ ఒక్క ముక్క తీసెయ్యమనండి," అంది.

గీతలాయన బల్ల మీది కాపీల వైపు చూశాడు. హాల్లో కిటికీ పక్కన పడవ ముక్కు గీత ఉంది. అరవై అడుగుల వంపు, ఆయన బతుకులో గీసిన వాటిల్లోకల్లా అందమైన గీత. అందులో పదడుగులు ఉంచమంటే చాలు. మిగతాదంతా తుక్కైపోతుంది. నలభై ఏళ్ళ కింద లప్పంతో చేసిన పని ఈసారి యంత్రాలే చేస్తాయి. ఆయన పుణ్యమా అని భార్య కోరిక కూడా తీరుతుంది. ఆ ఒక్క వాక్యం తీసెయ్యమంటే ఈ పిల్ల తీసేస్తుంది. మూడు రోజులు ఆయన అన్నం సరిగ్గా తినలేదు. తప్పు చేసింది ఒకసారి కాదని, అణిగిమణిగి ఉన్న ఆ మనిషి పెట్టిన అన్నం తిన్న ప్రతిరోజూ చేశానని ఆ మూడు రోజుల్లోనే తెలిసొచ్చింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చావు మాత్రం అంత తేలిగ్గా వస్తుందా!

గురువారం పొద్దున భార్యను తీసుకుని బావమరిది కొట్టుకు వెళ్ళాడు. పనిబల్ల పైన గోడకు పల్చటి చెక్క అచ్చొకటి వేలాడుతోంది. పద్దెనిమిదో నంబరు. పనిలోంచి తీసేసిన రోజు చంకలో పెట్టుకుని తెచ్చుకున్నాడు. ఎందుకురా అని ఎవరైనా అడిగితే, కళ్ళెదురుగా ఉంటే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాను అనేవాడు.

"అది తీసుకుని నాతో రా," అన్నాడు గీతలాయన.

"ఇప్పుడా? ఎక్కడికి బావా?"

"గీతల హాలుకి."

వాడి మొహం పాలిపోయింది. "ఆ మెట్లు నేనెక్కను బావా. నాకు మొహం చెల్లదు."

"చెల్లనిది నీకు కాదు. రా."

వాడు కొట్టు మూసి, తాళం వేసి, మూడుసార్లు లాగి, అచ్చు చంకలో పెట్టుకుని వెంట నడిచాడు.

హాలు గుమ్మం దగ్గర ముగ్గురూ చెప్పులు విప్పారు. ఎవరూ చెప్పకుండానే విప్పారు. రంగు గీకేవాళ్ళు కిటికీ పక్కన యంత్రం పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. ముక్కు గీత ఎంత బావుంటుందో ఆ పిల్లకీ తెలుసు, అక్కడే చూపిస్తాడనుకుంది. గీతలాయన వాళ్ళను దాటి హాలు మధ్యకు నడిచాడు. నలభై ఏళ్ళ రంగుల కింద ఏది ఎక్కడుందో ఆయనకు కళ్ళు మూసుకున్నా తెలుసు. మడమతో నేల మీద తట్టి, "ఇక్కడ," అన్నాడు.

యంత్రం గంటసేపు గీకింది. బూడిదరంగు పోయింది, ఆకుపచ్చ పోయింది, నలుపు పోయింది. గాట్లలో లప్పం తెల్లగా తేలింది. పదిహేను, పదహారు: రెండేసి గీతలు, లోపలి దాని మీద మూడు గాట్లు. పదిహేడు: ఒక్కటే గీత. పద్దెనిమిది, ఒక్కటే. పంతొమ్మిదీ అంతే.

"అచ్చు పెట్టి చూడు," అన్నాడు గీతలాయన.

బావమరిది మోకాళ్ళ మీద కూర్చుని పద్దెనిమిదో గీత మీద అచ్చు పెట్టాడు. అచ్చు గీతను మూసేసి కూర్చుంది, ఎక్కడా వెలితి లేదు. వాడు దాన్ని తీసి మళ్ళీ పెట్టాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ పెట్టాడు. తర్వాత మూడు గాట్ల మీద బొటనవేలు పెట్టి నెమ్మదిగా రాశాడు.

"సరిగ్గానే కోశాను," అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "అక్కా, నేను సరిగ్గానే కోశానే."

"లోపలి గీత గియ్యడం నేను మర్చిపోయాను," అన్నాడు గీతలాయన. మళ్ళీ చెప్పాడు. "మర్చిపోయాను. తర్వాత చూసుకున్నాను. చూసుకుని కూడా భోజనాల వేళ వచ్చి పూత పూసేశాను. మేస్త్రీ అడిగితే అబద్ధం చెప్పాను."

భార్య ఆయన వైపు తల ఎత్తి చూసింది. ఎన్నేళ్ళకో అలా చూడడం. వెళ్ళి తమ్ముడి పక్కన నేల మీద కూర్చుని వాడి వీపు మీద చెయ్యి వేసింది.

బావమరిది అచ్చు మీద నుంచి చెయ్యి తియ్యకుండానే మాట్లాడాడు. కోపంగా కూడా అనలేదు.

"ఆ రోజు నన్ను పక్కకు పిలిచి, తప్పు నాదిరా, నువ్వు మీదేసుకో అని ఉంటే వేసుకునేవాణ్ని బావా. నీ మీద ప్రేమ కొద్దీ వేసుకునేవాణ్ని. పని పోయినా బాధపడేవాణ్ని కాదు. కానీ నా చెయ్యి మంచిదేనని నాకు తెలిసుండేది. నువ్వు నా చెయ్యి తీసేసుకున్నావు."

ఆ పిల్ల కాగితం, కలం పట్టుకుని దూరంగా నిలబడిపోయింది. ఏం రాయాలో తెలియక, "ఏమని వెయ్యమంటారు బాబాయ్ గారూ?" అని అడిగింది. గీతలాయన తన పేరు వెయ్యమని, తను చేసిందంతా వెయ్యమని చెప్పాడు. బావమరిది లేచి అచ్చు చంకలో పెట్టుకున్నాడు. "అచ్చు సరిగ్గా ఉందని వెయ్యమ్మా. మిగతాది మీ ఇష్టం," అని గుమ్మం వైపు నడిచాడు. వాడి వెనకే అక్క కూడా వెళ్ళింది. ఆ రోజు ఆవిడ పుట్టింటి మనిషిగానే మెట్లు దిగింది. ఇంటికి మర్నాడు సాయంత్రం వచ్చింది. వచ్చాక అన్నం వడ్డించింది గానీ తలవంచుకుని కాదు. అప్పటినుంచి అడగాల్సింది మొహం మీదే అడుగుతోంది. గీతలాయన జవాబు చెబుతున్నాడు.

పుస్తకం వచ్చింది. పాలరాతి తొట్టికి ఆరు పేజీలు, పక్కటెముకలకు ఒక పేజీ. ఆ పేజీలో నేల ముక్క ఫొటో ఉంది. మూడు గీతలు, మూడేసి గాట్లు, కింద ఇద్దరి పేర్లు. ఆ పిల్ల దాన్నే పెద్దది చేయించి గీతలాయనకు పంపింది. ఆయన దాన్ని చుట్టగా చుట్టి చేత్తో పట్టుకుని ఫ్రేముల కొట్టుకు వెళ్ళాడు. వెళ్ళడానికి నెల పట్టింది.

గోడ మీద అచ్చు లేదు. దాన్ని తగిలించిన మేకు మాత్రం ఉంది. బావమరిది ఫొటో విప్పి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టాడు. చాలాసేపు చూశాడు. టేపు తీసి పొడవు కొలిచాడు. గీతలాయన ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. వాడు టేపు తీసి, మళ్ళీ పెట్టాడు. కళ్ళు నులుముకుని మళ్ళీ పెట్టాడు.

బావ చూస్తున్నాడని తెలిసి, తల ఎత్తకుండానే, "పోదు బావా. నేనూ మానుదామని చూశాను. ఇక పోదు," అన్నాడు.

కొలతలు చీటీ మీద రాసి, శుక్రవారం రమ్మన్నాడు. గీతలాయన సరేనని తల ఊపి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని, గుమ్మం దాటేదాకా కళ్ళు తుడుచుకోకుండా బయటికి వచ్చాడు.